లాయర్ని ఎవరు పంపారో ముందు అడుగుదాం

మన పేటలో ఎవరి మీదైనా కేసు పడితే మొదటి ఫోన్ ఎవరికి పోతుంది? లాయర్‌కి పోదు. మనకి తెలిసిన లాయర్ ఎవరూ ఉండరు. చెరువు యజమానికి పోతుంది. లేదంటే ఊళ్లో చిన్న నాయకుడికి పోతుంది. అదీ కాకపోతే స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఎప్పుడూ కూర్చుని ఉండే మనిషికి పోతుంది. అవతలి నుంచి వచ్చే జవాబు మాత్రం ఒకటే: “నాకు తెలిసిన లాయర్ ఉన్నాడు, నేను మాట్లాడతా.”

ఆ ఒక్క మాట దగ్గరే మన కేసులు సగం ఓడిపోతున్నాయని నేనంటాను. లాయర్ మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాతి సంగతి. ఆయన్ని మన దగ్గరికి పంపిందెవరు అన్నది మొదటి సంగతి.

మా బాబాయి సంగతి చెప్తాను. కైకలూరు వైపు చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. ఒక రాత్రి ఇంజన్ పోయింది. పొద్దున్నే బాబాయిని స్టేషన్‌కి తీసుకుపోయారు. యానాదోడు కదా, ఇంకెవరు తీస్తారు అన్నారు. అదే వాళ్ల దగ్గరున్న సాక్ష్యం. పిన్ని పరుగెత్తుకుంటూ యజమాని ఇంటికే వెళ్లింది. ఆయన మనిషే ఒక లాయర్ని పిలిపించాడు. ఫీజు 18 వేలు అన్నారు. పిన్ని దగ్గర 18 వందలు కూడా లేవు. ఆ డబ్బూ యజమానే ఇచ్చాడు, వచ్చే సీజన్ అడ్వాన్సు కింద రాసుకుని.

ఇప్పుడు మళ్లీ చదవండి. కేసు పెట్టిందెవరు? యజమాని. లాయర్ని పంపిందెవరు? యజమాని మనిషి. ఫీజు ఎవరు కట్టారు? యజమాని. ఆ ఫీజు తీర్చడానికి పని చేయాల్సింది ఎవరి చెరువు మీద? ఆ యజమాని చెరువు మీదే.

బెయిల్ వచ్చింది. ఆ తర్వాత ఏ వాయిదా ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. లాయర్ ఫోన్ ఎత్తడు, గుమస్తా “మేం చూసుకుంటాంలే” అంటాడు. రెండు వాయిదాలు తప్పాయి. వారెంటు వచ్చింది. సంక్రాంతికి ముందు రోజు పోలీసులొచ్చి పట్టుకుపోయారు. దొంగతనం చేశాడో లేదో ఎవరూ ఇంకా తేల్చలేదు, కానీ జైలు మాత్రం రెండోసారి చూశాడు.

లా చదువుతున్న మన సంఘం చెల్లి ఒకామె అప్పుడు ఫైలు చూసి ఒక మాట అడిగింది. “అన్నా, బాబాయికి మొదటి రోజు నుంచే గవర్నమెంటు ఖర్చుతో లాయర్ని పెట్టుకునే హక్కుంది. మీరెందుకు అడగలేదు?” నా దగ్గర సమాధానం లేదు. నేను డిగ్రీ చదివాను. ఈ పేజీలో హక్కుల గురించి రాస్తుంటాను. ఆ హక్కు సంగతి నాకు తెలీదు.

అందుకే తెలిసింది ఇప్పుడు రాస్తున్నాను.

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది. అందులో 12వ సెక్షన్ ఉచిత న్యాయ సహాయం ఎవరికి ఇవ్వాలో చెప్తుంది. మొట్టమొదటి పేరు మనదే: ఎస్సీ, ఎస్టీ వాళ్లు. ఆ తర్వాత మనుషుల అక్రమ రవాణాకీ వెట్టికీ బలైన వాళ్లు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, విపత్తుల బాధితులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు. వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. ఆదాయం లెక్క చూసేది ఈ జాబితాలో పడని వాళ్లకే. తెల్ల కార్డు ఉందా, ఆదాయం సర్టిఫికెట్ ఉందా అని మనల్ని తిప్పే పని లేదు.

కులం సర్టిఫికెట్ దగ్గర మనవాళ్లు ఆగిపోతారని తెలుసు. కాలవ గట్టు మీద గుడిసెలో పుట్టి, ఆధార్ కూడా లేని యానాది కుటుంబాలు దివిసీమలో ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడు జాబితాలో మిగతా మాటలు గుర్తు పెట్టుకోండి. అడిగేది ఆడమనిషి అయితే ఆ ఒక్క కారణం చాలు. మనిషి జైల్లో ఉంటే అదీ చాలు. ఒక తలుపు మూసుకుంటే పక్క తలుపు అదే సెక్షన్లో ఉంది.

ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. రాజ్యాంగం 39ఎ అధికరణంలో ఉంది. 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులో, బీహార్ జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గిన పేదల గురించి సుప్రీంకోర్టు మాట్లాడుతూ, ఉచిత న్యాయ సహాయం 21వ అధికరణంలో భాగమే అంది. 1981లో ఖత్రీ కేసులో ఇంకో అడుగు వేసింది: నిందితుణ్ని మొదటిసారి తన ముందుకు తెచ్చినప్పుడే ఈ హక్కుందని మేజిస్ట్రేట్ చెప్పాలి. 1986లో సుక్ దాస్ కేసు వచ్చింది. అరుణాచల్ ప్రదేశ్‌లో లాయర్ లేకుండానే విచారణ జరిపి శిక్ష వేశారు. వాళ్లు అడగలేదు కదా అని హైకోర్టు అంది. హక్కుందని తెలియని మనిషి ఎలా అడుగుతాడు అన్నది సుప్రీంకోర్టు ఆలోచన. ఆ శిక్ష కొట్టేసింది.

అంటే నేను అడగకపోవడం నా తప్పే కానీ, చెప్పకపోవడం వాళ్ల తప్పు.

మరి ఈ తలుపు ఎక్కడుంది? కృష్ణా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మచిలీపట్నంలో, జిల్లా కోర్టు దగ్గర ఉంటుంది. విజయవాడ కోర్టుల్లోనూ, కింది ఊళ్ల కోర్టుల్లోనూ మండల న్యాయ సేవాధికార కమిటీలు ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక మనం ఎన్టీఆర్ జిల్లానా, కృష్ణానా, ఏలూరా అని తల పట్టుకోవాల్సిన పని లేదు. మీ కేసు ఏ కోర్టులో ఉందో ఆ కోర్టు ఆవరణలో “లీగల్ సర్వీసెస్ ఎక్కడ” అని అడగండి. హైకోర్టులో పనైతే నేలపాడులో హైకోర్టు న్యాయ సేవల కమిటీ వేరే ఉంది. ఏదీ తెలియకపోతే 15100కి ఫోన్ చేయండి. జాతీయ సంస్థ హెల్ప్‌లైన్ అది. తెల్ల కాగితం మీద తెలుగులో రాసిస్తే చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్తే వాళ్లు రాసుకోవాలి. మనిషి లోపలుంటే జైలు నుంచే అర్జీ పంపొచ్చు. లాయర్ ఫీజే కాదు, కోర్టు ఫీజు, కాగితాల కాపీల ఖర్చు కూడా అందులోకే వస్తాయి. ఆ లాయర్ మన దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు.

అమెరికాలో అయితే బార్ అసోసియేషన్లే లాయర్ రెఫరల్ సర్వీసులు నడుపుతాయి. ఫోన్ చేస్తే మీ కేసుకి తగ్గ లాయర్ పేరు ఇస్తారు. మన దేశంలో లాయర్ తనకి తాను ప్రచారం చేసుకోకూడదు, కేసుల కోసం మనుషుల్ని తిప్పకూడదు అని బార్ కౌన్సిల్ నియమం. 2024 జులైలో మద్రాసు హైకోర్టు ఇంటర్నెట్‌లో లాయర్లని అమ్మిపెట్టే వెబ్‌సైట్ల మీద కూడా గట్టిగానే కన్నెర్ర చేసింది. కమీషన్ కోసం కేసులు పట్టుకొచ్చే బ్రోకర్లని చట్టం ‘టౌట్లు’ అంటుంది. వాళ్ల జాబితా కోర్టులే ప్రకటించొచ్చు. ఆ జాబితాలో పేరుండగా అదే పని చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 2023 సవరణతో అడ్వొకేట్స్ చట్టంలోనే పెట్టారు.

రూలు బాగానే ఉంది. కానీ రూలు వల్ల బ్రోకర్ పోలేదు, బోర్డు మాత్రమే పోయింది. మంచి లాయర్ బోర్డు పెట్టుకోలేడు కాబట్టి మనకి కనపడడు. బ్రోకర్‌కి బోర్డు అక్కర్లేదు, ఆయనే మన గుమ్మంలోకి వస్తాడు. పంపకం నిషేధించిన దేశంలో చట్టం ఒప్పుకునే అసలైన పంపకం న్యాయ సేవాధికార సంస్థే. మనం దాన్ని వాడకపోతే మిగిలేది టీ కొట్టు దగ్గర మనిషే.

“ఫ్రీ లాయర్ పని చేయడు అన్నా” అంటారు. ఈ మాట నేనూ వందసార్లు అన్నాను. ఇందులో నిజముంది, దాచను. ప్యానెల్ లాయర్లకి ఇచ్చే గౌరవ వేతనం తక్కువ. అదీ ఆలస్యంగా వస్తుంది. కొందరు ఆ కేసుని చివరికి నెడతారు. కొత్తగా వచ్చినవాళ్లు నేర్చుకోవడానికి మన కేసు వాడుకుంటారు. ఇవన్నీ జరిగేవే.

అయినా రెండు మాటలు. ఒకటి, డబ్బిచ్చిన లాయర్ పని చేశాడా? బాబాయి 18 వేలు ఇచ్చాడు, వారెంటు కొనుక్కున్నాడు. రెండు, డబ్బిచ్చిన లాయర్ రాకపోతే మనం పైన అడగాలంటే బార్ కౌన్సిల్ దాకా పోవాలి. ప్యానెల్ లాయర్ రాకపోతే అదే ఆవరణలో జడ్జి అధ్యక్షుడిగా ఉన్న సంస్థకి ఒక కాగితం రాయొచ్చు, లాయర్ని మార్చమని. ఆ కాగితం రాసే అలవాటు మనకి లేదు. రాయనంతకాలం వాళ్లు మారరు.

క్రిమినల్ కేసులకైతే 2022 నుంచి ఇంకో పద్ధతి వస్తోంది. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అని, బయట కేసులు పెట్టుకోకుండా పూర్తికాలం ఇదే పని చేసే లాయర్లు. వాళ్ల పేరు పెట్టి అడగండి.

లాయర్ ఎవరైనా, ఫ్రీ అయినా ఫీజు అయినా, మనం పట్టుబట్టాల్సినవి కొన్నున్నాయి.

వకాల్తా మీద సంతకమో వేలిముద్రో వేసేముందు అందులో లాయర్ పేరు రాసి ఉందో లేదో చూడండి. ఖాళీ కాగితం మీద వేలు పెట్టొద్దు. ఎఫ్ఐఆర్ కాపీ, ఛార్జిషీట్ కాపీ మన దగ్గర ఒక సెట్టు ఉండాలి. ప్రతి వాయిదా తేదీ మన ఫోన్లో మనమే రాసుకోవాలి. ఈకోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొడితే తర్వాతి వాయిదా కనపడుతుంది. పేటకి ఒక్క పిల్లోడో పిల్లో ఈ పని నేర్చుకుంటే బాబాయిలాంటి వారెంట్లు సగం ఆగిపోతాయి.

“గెలిస్తే నాకు మూడో వంతు” అనే బేరం ఒప్పుకోవద్దు. ఫలితం మీద వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం తప్పు. యాక్సిడెంట్ కేసుల్లో, అట్రాసిటీ కేసుల పరిహారంలో ఇది ఎక్కువ జరుగుతుంది. పరిహారం మన బిడ్డ నెత్తురుకి వచ్చింది, దాన్ని పంచుకునే హక్కు వాళ్లకి లేదు. లాయర్ని మార్చాలనుకుంటే మార్చొచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకునే హక్కు లాయర్‌కి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

లోక్ అదాలత్‌లో రాజీ పడమంటే అక్కడికక్కడే తల ఊపొద్దు. ఒక రోజు అడగండి. అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. కొన్ని కేసులకి రాజీ మంచిదే. కానీ అవతలి వాడి బండిలో ఎక్కి పోయి చేసుకునే రాజీ రాజీ కాదు.

మనవాళ్లే బాధితులైతే, అట్రాసిటీ కేసయితే, ఇంకో సంగతి. అక్కడ కేసు నడిపేది ప్రభుత్వ పీపీ కాబట్టి మనకి లాయర్ అక్కర్లేదు అనుకుంటారు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణలో 15ఎ సెక్షన్ ఉంది. నిందితుడు బెయిల్ అడిగితే బాధితులకి నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. సంఘాల సాయం, లాయర్ సాయం తీసుకునే హక్కు అందులోనే రాసుంది. 1995 నిబంధనల్లో 4వ రూలు కింద, బాధితులు కోరితే పేరున్న సీనియర్ లాయర్ని కలెక్టర్ పెట్టొచ్చు. కలెక్టర్‌కి అర్జీ పెట్టి ఆ లాయర్ని అడిగిన కేసులు మన దగ్గర ఎన్ని? నాకు తెలిసి వేళ్ల మీద కూడా లేవు.

డెల్టాలో ఉన్న మనకి ఇది మరీ ముఖ్యం. ఏజెన్సీలో అయితే 1/70 చట్టం ఉంది, ఐటీడీఏ ఉంది, కనీసం పేరుకైనా గిరిజన ప్రాంతం అనే గుర్తింపు ఉంది. కృష్ణా డెల్టా ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. నాగాయలంక యానాదికీ, విజయవాడ ఎరుకలకీ, ఎ.కొండూరు తండాల్లో లంబాడీలకీ 1/70 వర్తించదు. మన భూమి అసైన్డ్ భూమి అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం చూడాలి. అడ్వాన్సు తీరేదాకా చెరువు దాటొద్దంటే 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చూడాలి. ఆ చట్టం కింద వెట్టి అప్పు అప్పే కాదు, రద్దయిపోయినట్టే. బాబాయి ఫీజు కోసం రాసుకున్న అడ్వాన్సు సంగతి ఈ చట్టం కింద అడగొచ్చని మాకు ఆ లాయర్ చెప్పలేదు. చెప్తాడని ఎలా అనుకుంటాం? ఆయన్ని పంపిన మనిషి ఎవరో గుర్తుంది కదా.

ఎరుకల అన్నదమ్ములకి ఇది వేరే చెప్పక్కర్లేదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. స్టువర్టుపురం పేరు చెప్తే ఇప్పటికీ ఎస్సై చూపు మారుతుంది. అనుమానం ముందే తయారుగా ఉన్న చోట లాయర్ ఆలస్యంగా వస్తే ఏమవుతుందో విజయవాడే చూసింది. 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. నందిగామ వైపు ఒక పేద దళిత కుర్రాణ్ని పట్టుకొచ్చి నిందితుడన్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదని మొదటి నుంచీ అంటూ ఉన్నారు. ఎనిమిదేళ్లకి పైగా జైల్లో పోయిన వయసు ఎవరు తిరిగిస్తారు?

‘జై భీమ్’ సినిమా 2021లో వచ్చినప్పుడు మన కుర్రాళ్లంతా ఏడ్చారు. మనకీ ఒక చంద్రు కావాలన్నారు. ఆ సినిమాలో ఇరులర్లుగా చూపించారు కానీ, అసలు కేసు కురవర్లది, మన ఎరుకల దగ్గరి చుట్టాలు. ఆ భార్య నేరుగా మద్రాసు వెళ్లి చంద్రు గారి తలుపు తట్టలేదు. కింద ఊళ్లో ఉన్న పార్టీ కార్యకర్తలు, ఉద్యమం మనుషులు దారి చూపించారు. అంటే అక్కడా ఒకరు పంపారు. పంపినవాళ్లు ఎవరివైపు ఉన్నారన్నదే తేడా.

అందుకే మన ఉద్యమానికి నా అడుగు ఇది. కొందరికి నచ్చదు. మనం ధర్నాకి వెయ్యి మందిని తెస్తాం, కోర్టు వాయిదాకి ఒక్కణ్ని పంపం. విజయవాడలో మనకి ఒకరిద్దరు మంచి మనసున్న లాయర్లున్నారు. ప్రతి కేసూ వాళ్ల నెత్తిన వేసి మన బాధ్యత అయిపోయిందనుకుంటాం. వాళ్లూ మనుషులే, అలసిపోతారు. బాలగోపాల్ గారు పోయి ఎన్నేళ్లయింది? 2009 నుంచి ఇప్పటికీ “ఆయనుంటేనా” అంటూనే ఉన్నాం. ఒక్క మనిషి మీద కట్టిన ఇల్లు ఆ మనిషితోనే పోతుంది.

చేయాల్సింది చిన్న పనే. ప్రతి మండలంలో మన సంఘం నుంచి ఇద్దరు పారా లీగల్ వాలంటీర్లుగా చేరాలి. న్యాయ సేవాధికార సంస్థలే శిక్షణ ఇస్తాయి. ఏ ప్యానెల్ లాయర్ వాయిదాకి వచ్చాడో, ఎవరు రాలేదో మనమే ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. బాగా చేసినవాళ్ల పేర్లు పేటపేటకీ చెప్పుకోవాలి. చేయనివాళ్ల మీద కాగితం పెట్టాలి. ఇంటర్ పాసైన మన పిల్లల్లో ఏడాదికి కనీసం ఒకరినైనా లా కాలేజీకి పంపాలి. ఫైలు చూసి నన్ను ఆ ప్రశ్న అడిగిన చెల్లి లాంటివాళ్లు పదిమంది ఉంటే, టీ కొట్టు దగ్గర మనిషికి పని పోతుంది.

బాబాయి కేసు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు ప్యానెల్ నుంచి వచ్చిన లాయరమ్మ చూస్తోంది. మొదటిరోజు ఆమె బాబాయిని అడిగిన మొదటి మాట, “ఆ రాత్రి ఏం జరిగిందో మీరే చెప్పండి, నేను వింటాను.” అన్ని నెలల్లో ఆ మాట ఆయన్ని అడిగిన మొదటి లాయర్ ఆమే. గెలుస్తామో లేదో నేను చెప్పలేను. కానీ ఈసారి వాయిదా తేదీ పిన్ని ఫోన్లో ఉంది, నా ఫోన్లో ఉంది, చెల్లి నోటుబుక్కులో ఉంది.

రేపు మీ పేటలో ఎవరికైనా కేసు పడితే, “నాకు తెలిసిన లాయర్ ఉన్నాడు” అని ఎవరైనా ముందుకొస్తే, ఒక్క నిమిషం ఆగండి. ఆయన ఎవరి మనిషి అని అడగండి. అడిగాక 15100కి కొట్టండి.

జోహార్. జై ఆదివాసీ. జై భీమ్.